మొదటి ఊలు టోపీ: మన చలికి ఏ దారం, ఏ సూది, ఏ పద్ధతి?

టోపీ అల్లడం నేర్చుకుందామనుకున్న వాళ్లు ముందు అడిగేది "ఏ ఊలు కొనాలి?" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ టోపీ ఎవరి తలకు? ఏ వేళప్పుడు పెట్టుకోవడానికి? ఈ రెండూ తెలిస్తే దారం, సూది, పద్ధతి మూడూ సగం తేలిపోయినట్టే.

నెల్లూరులో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో కూడా ఉష్ణోగ్రత మామూలుగా 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. కావలి, ఒంగోలు కూడా దాదాపు అంతే. ఉదయగిరి, గిద్దలూరు లాంటి కొండ పక్క ఊళ్లలో చలి ఇంకాస్త గట్టిగా ఉంటుంది. ఎక్కడైనా సరే, ఎండ ఎక్కిందంటే టోపీ తీసెయ్యాల్సిందే. అంటే మన దగ్గర టోపీకి డ్యూటీ తెల్లవారుజామున కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు. ధనుర్మాసంలో చీకటితో లేచి వాకిట్లో ముగ్గు వేసే ఆవిడకు, వాకింగ్‌కు వెళ్లే పెద్దాయనకు, రొయ్యల గుంటల దగ్గర రాత్రంతా ఏరియేటర్లు చూసుకునే కుర్రాడికి, నెలల బిడ్డకు కావలసింది చెవుల్లోకి చలిగాలి పోకుండా ఆపే టోపీ. మంచులో తిరిగే వాళ్ల టోపీ కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఫోనులో దొరికే అల్లిక వీడియోల్లో చాలావరకు చలిదేశాల వాళ్లవి. లావు దారం, 6 లేదా 8 మిల్లీమీటర్ల సూది, కూర్చున్న చోటే టోపీ సిద్ధం. "వాళ్లకు గంటలో అయిపోతా ఉందక్కా, నాకేమో వారం పడతా ఉంది" అని పక్కింటి అమ్మాయి దిగులు పడితే నేను చెప్పింది ఒకటే: "ఆ గంట టోపీ మీ నాన్నకు పెట్టి చూడమ్మా, పది నిమిషాల్లో చెమట పట్టి తీసేస్తాడు."

దారం ఎంత లావు ఉండాలి

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నేర్చుకునే చేతికి లావు దారం సుఖం. కుట్టు పెద్దగా కనిపిస్తుంది, తప్పు వెంటనే తెలుస్తుంది, పని తొందరగా తెములుతుంది. 6 మి.మీ. సూదితో గుండ్రంగా అల్లే పెద్దవాళ్ల టోపీకి 3 వేల లోపు కుట్లు చాలు. పెట్టుకునే తలకేమో సన్నదారం సుఖం. 4 ప్లై దారంతో (ప్లై అంటే దారం లావు చెప్పే అంకె) 3.25 మి.మీ. సూది మీద అల్లితే మన చలికి సరిగ్గా సరిపోయే పల్చటి టోపీ వస్తుంది. కానీ 10 సెంటీమీటర్ల వెడల్పులోనే 28 కుట్లు పడతాయి. కొత్తగా నేర్చుకునే వాళ్లు సగంలో విసుగొచ్చి అటక మీద పెట్టేసేది ఈ సన్నదారం టోపీలనే.

అందుకే నా మాట మధ్యరకం. షాపుల్లో 8 ప్లై అంటారు, అల్లిక నమూనాల్లో డీకే అని ఉంటుంది. 4 మి.మీ. సూది మీద 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చే దారం అది. కొత్తవాళ్లు అదే దారాన్ని 4.5 మి.మీ. సూది మీద అల్లాలి. అప్పుడు 20 కుట్లే వస్తాయి, అల్లిక కాస్త వదులుగా ఉంటుంది, గాలి ఆడుతుంది. సూది కూడా కుట్టులోకి తేలిగ్గా దూరుతుంది. మొదట్లో అందరూ దారాన్ని బిగించి లాగుతారు కాబట్టి ఈ వదులు చాలా మేలు చేస్తుంది.

లేబుల్ మీద ప్లై అంకెను పూర్తిగా నమ్మొద్దు. ఒక కంపెనీ 8 ప్లై ఇంకో కంపెనీ దానికంటే సన్నగా ఉండొచ్చు. లేబుల్ మీద సూదుల బొమ్మ పక్కన 4 మి.మీ. అని ఉందా అని చూడండి, అది నికరం. లాట్ నంబరు, అంటే ఒకేసారి రంగు వేసిన ఉండలన్నిటికీ ఇచ్చే నంబరు, కూడా చూడండి. ఒకే రంగు అనుకుని రెండు వేర్వేరు లాట్ల ఉండలు కొంటే టోపీ మధ్యలో చార పడినట్టు తేడా తెలుస్తుంది. పెద్దవాళ్ల టోపీకి 100 గ్రాములు సరిపోతుంది, కొంచెం మిగులుతుంది కూడా.

రంగు విషయంలో మొదటి టోపీకి లేత రంగే తీసుకోండి. పసుపు, లేత నీలం, బూడిద, ఏదైనా పర్వాలేదు. నలుపు, ముదురు నీలం మీద రాత్రి ట్యూబులైటు వెలుగులో కుట్లు కనపడవు. నూగు నూగుగా ఉండే ఫ్యాన్సీ దారాలు షాపులో ముద్దొస్తాయి కానీ తప్పు అల్లితే విప్పడానికి రావు.

అక్రిలిక్, అసలు ఊలు, కాటన్

మన ఫ్యాన్సీ షాపుల్లో, మ్యాచింగ్ సెంటర్లలో ఊలు అని చూపించే దానిలో ఎక్కువ భాగం అక్రిలిక్. నెల్లూరు చిన్నబజారులో అడిగినా ట్రంకు రోడ్డులో అడిగినా లుధియానా నుంచి వచ్చే వర్ధమాన్, ఓస్వాల్, గంగా లాంటి పేర్లే వినపడతాయి. లేబుల్ మీద 100 శాతం అక్రిలిక్ అని ఉంటే అది గొర్రె బొచ్చు కాదన్నమాట. బేబీ ఊలు అనేది కూడా చాలాసార్లు మెత్తటి అక్రిలిక్కే. లేబుల్ లేని ఉండ చేతికొస్తే చిన్న ముక్క కత్తిరించి, స్టీలు పళ్లెం మీద పట్టుకారుతో పట్టుకుని కాల్చి చూడండి. అసలు ఊలు వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మారుతుంది. కాటన్ కాగితంలా కాలుతుంది.

నెల్లూరు జాతి గొర్రెలకు దేశమంతా పేరుంది, మన గొర్రెల ఊలు వాడుకోకూడదా అని అడిగేవాళ్లుంటారు. పల్ల అయినా, జోడిపి అయినా, డోర అయినా నెల్లూరు గొర్రె ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుక, వడకడానికి పనికొచ్చే ఊలు కాదు. అది మాంసం కోసం పెంచే జాతి. నల్ల గొంగళ్లకు వాడేది దక్కనీ గొర్రె బొచ్చు. అది బాగా గరుకు, తలకు గుచ్చుకుంటుంది. కాబట్టి అసలు ఊలు కావాలంటే బయటి నుంచి వచ్చిన మెత్తటి మెరీనో గొర్రె ఊలు లాంటిది ఎక్కువ డబ్బు పెట్టి తెప్పించుకోవాలి.

దానికి తగ్గ గుణం దానికుంది. తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడి తెలియనివ్వదు. చెమట పట్టినా తల చల్లబడదు. కానీ వేడినీళ్లలో వేసి రుద్దినా, మెషీన్లో తిప్పినా ముడుచుకుపోయి అట్టలా అవుతుంది. బీరువాలో పురుగు పడుతుంది. పైగా మన చలికి అంత వెచ్చదనం అక్కర్లేదు. సిమ్లా ప్రయాణమో, ఢిల్లీలో చదివే పిల్లాడో ఉంటే తప్ప మొదటి టోపీకి అసలు ఊలు కొనమని నేను చెప్పను.

కాటన్ సంగతి వేరు. చల్లగా, ఒంటికి హాయిగా ఉంటుంది, కానీ సాగి వెనక్కి రాదు. టోపీ అంచు తలను పట్టుకుని ఉండాలంటే ఆ సాగే గుణమే కావాలి. ఉత్త కాటన్ టోపీ రెండు ఉతుకులకే వదులైపోయి కళ్ల మీదికి జారుతుంది. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉంటాయి కదా, ముసురులో కాటన్ అల్లిక ఆరదు, ముక్కిన వాసన పట్టేస్తుంది. కాటన్, అక్రిలిక్ కలిపిన దారం దొరికితే మాత్రం వదలొద్దు. అక్రిలిక్ ఉక్కపోతను కాటన్ తగ్గిస్తుంది, కాటన్ సాగుడును అక్రిలిక్ ఆపుతుంది. కలిపినది దొరక్కపోతే మెత్తటి అక్రిలిక్కే తీసుకోండి. ధర తక్కువ, ఉతకడం తేలిక, ముసురులోనూ తొందరగా ఆరుతుంది. రెండు జాగ్రత్తలున్నాయి. ఇస్త్రీ పెట్టెను దాని మీద ఆనించకూడదు, వేడికి దారం జీవం పోయి పీలికలా వేలాడుతుంది. మంటకు కరుగుతుంది కాబట్టి పొయ్యి దగ్గర, చలిమంట దగ్గర, భోగి మంట దగ్గర ఆ టోపీ పెట్టుకుని ఒంగకూడదు.

ఎలా అల్లాలి: ఐదు దారులు

ఒకే టోపీని చాలా రకాలుగా అల్లొచ్చు. కొత్తవాళ్ల ముందు మామూలుగా ఐదు దారులుంటాయి.

సర్క్యులర్ సూది (రెండు మొనలను తీగతో కలిపిన సూది) మీద గుండ్రంగా అల్లడం అన్నిటికంటే అందమైన ఫలితం ఇస్తుంది. అతుకు ఉండదు. నిట్ కుట్టు (దారం వెనక ఉంచి వేసే మామూలు కుట్టు) ఒక్కటే వేసుకుంటూ పోతే నున్నటి అల్లిక వస్తుంది. కానీ మొదటి వరసను గుండ్రంగా కలిపేటప్పుడు కుట్లు సూది చుట్టూ మెలికపడితే టోపీ అంతా మెలికే. నాలుగు వేళ్లు అల్లాక కనిపెట్టినా విప్పడం తప్ప మందు లేదు. పై భాగంలో కుట్లు తగ్గించేకొద్దీ 40 సెంటీమీటర్ల సూది చుట్టూ రావడానికి కుట్లు చాలవు, రెండు కొసలూ మొనదేలిన పొట్టి సూదుల సెట్టు కావాలి, లేదంటే పొడుగు తీగ ఉన్న సూదితో, తీగను కుట్ల మధ్యలోంచి బయటికి లాగి అల్లే మ్యాజిక్ లూప్ పద్ధతి నేర్చుకోవాలి. చేతికి ఇంకా లయ రాకముందే ఇన్ని పనులు నెత్తినేసుకోవడం నాకు నచ్చదు. రెండో టోపీకి ఇది మంచి దారి.

రెండు సూదుల మీద కింది నుంచి పైకి అల్లి, చివర్లో వెనక కుట్టెయ్యడం పాత పద్ధతి. అంచుకు రెండు నిట్, రెండు పర్ల్ (దారం ముందుకు తెచ్చి వేసే తిరగ కుట్టు) చొప్పున రిబ్, అంటే సాగే చారల అల్లిక, వేస్తే తలను బాగా పట్టుకుంటుంది. ఇందులో మెలిక భయం లేదు. కానీ ఎన్ని కుట్లు ఎక్కించాలో ముందే లెక్క తేల్చుకోవాలి. చిన్న ముక్క అల్లి, టేపుతో కొలిచి, గుణించి మొదలుపెట్టాలి. ఆ లెక్క ఐదారు కుట్లు తేడా వచ్చినా టోపీ బిగుతో వదులో అయిపోతుంది. అది టోపీ పూర్తయ్యేదాకా తెలియదు.

మూడోది రెండు సూదుల మీదే అడ్డంగా అల్లడం. టోపీ ఎత్తుకు సరిపడా కుట్లు ఎక్కించి, ప్రతి వరసా నిట్ కుట్టుతోనే అల్లుకుంటూ పోయి, ఆ పట్టీ తల చుట్టూ సరిపోయేంత పొడుగయ్యాక ఆపడం. రెండు కొసలూ కలిపి కుట్టి, పైభాగం దారంతో దగ్గరికి లాగితే టోపీ. పర్ల్ అక్కర్లేదు, కుట్లు తగ్గించే పని లేదు, ముందు లెక్క అసలే లేదు. తల చుట్టూ పెట్టి చూసుకుంటూ అల్లడమే. ఇంకో గుణం ఉంది. అన్ని వరసలూ నిట్ వేసిన అల్లిక వరసలు పేరుకునే దిక్కున బాగా సాగుతుంది. అడ్డంగా అల్లినప్పుడు ఆ దిక్కు తల చుట్టుకొలతే అవుతుంది కాబట్టి, రిబ్ వేయకపోయినా టోపీ తలను పట్టుకుంటుంది. అంచులు చుట్టుకుపోవు. చేతిలో ఎప్పుడూ చదునైన గుడ్డే ఉంటుంది, బస్సులో కూర్చుని కూడా అల్లుకోవచ్చు.

దీనికీ లోటు లేకపోలేదు. కుట్లు ఎక్కువ పడతాయి. ఈ అల్లిక వరసలు దగ్గర దగ్గరగా నొక్కుకుని ఉంటాయి, 10 సెంటీమీటర్లకు 38 వరసల దాకా వస్తాయి. పెద్దవాళ్ల టోపీకి మొత్తం 9 వేల చిల్లర కుట్లు. కొత్త చేతికి నిమిషానికి పది, పదిహేను కుట్లు పడితే గొప్ప, అంటే పది పదిహేను గంటల పని. సీరియల్ టైములో రోజూ ఓ గంట కూర్చుంటే రెండు వారాలు. నేను దీన్ని నష్టమనుకోను. ఒకే కుట్టు అన్ని వేలసార్లు వేశాక చేతికి వచ్చే కుదురు మళ్లీ పోదు. రెండో లోటు పైన దగ్గరికి లాగిన చోట కుచ్చులా పేరుకోవడం. లావు దారంతో అది బొడిపెలా కనిపిస్తుంది, 8 ప్లై అయితే పెద్దగా తెలియదు.

క్రోషియా గురించి చెప్పకపోతే అన్యాయం. నరసాపురం లేసుల పుణ్యమా అని మన ఆంధ్ర ఇళ్లలో రెండు సూదుల అల్లిక కంటే కొక్కెం అల్లిక తెలిసిన అమ్మమ్మలే ఎక్కువ. ఒకే కొక్కెం, ఒకే కన్ను, తప్పు పడితే లాగితే ఊడొస్తుంది. టోపీని నడినెత్తి నుంచి కిందికి అల్లుకుంటూ ఎప్పటికప్పుడు తలకు పెట్టి చూసుకోవచ్చు. మీ ఇంట్లో నేర్పే మనిషి ఉంటే సందేహం లేకుండా క్రోషియాకే వెళ్లండి. పక్కన కూర్చుని చెయ్యి పట్టి చూపించే మనిషికి ఏ వీడియో సాటిరాదు. అయితే లేసు అల్లే సన్నటి స్టీలు కొక్కెం పనికిరాదు, 4.5 లేదా 5 మి.మీ. కొక్కెం వేరే కొనాలి. క్రోషియా టోపీ కాస్త మందంగా వస్తుంది, సాగడం తక్కువ, దారం ఎక్కువ తింటుంది.

ఇక గుండ్రటి ప్లాస్టిక్ లూమ్. మేకుల చుట్టూ దారం తిప్పి కొక్కెంతో ఎత్తడమే. వేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, బడి పిల్లలకు బాగుంటుంది. కానీ మేకుల మధ్య దూరం ఎక్కువ కాబట్టి లావు దారమే కావాలి. మధ్యరకం దారం వేస్తే జల్లెడలా వస్తుంది. మన వాతావరణానికి ఇది నా లెక్కలో చివరిది.

మొత్తం మీద నేర్పేవాళ్లు ఇంట్లో ఉంటే క్రోషియా, ఒంటరిగా నేర్చుకుంటుంటే రెండు సూదుల మీద అడ్డంగా.

సూది కొనేటప్పుడు

సూది నంబర్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. మన షాపుల్లో నడిచేది పాత బ్రిటిష్ నంబరింగ్. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. వెంకటగిరి మగ్గాల దగ్గర 100 కౌంటు నూలు 40 కౌంటు కంటే సన్నం కదా, అలాగే ఇదీ. 8 నంబరు అంటే 4 మి.మీ., 6 నంబరు అంటే 5 మి.మీ. అమెరికా నంబర్లు దీనికి తలకిందులు. అక్కడ 8 నంబరు 5 మి.మీ., 6 నంబరు 4 మి.మీ. అమెరికా ఆవిడ వీడియో చూసి "8 నంబరు సూది ఇవ్వండి" అని అడిగితే చేతికొచ్చేది వేరే సూది. మనకు కావలసిన 4.5 మి.మీ. మాత్రం రెండు లెక్కల్లోనూ 7 నంబరే. అయినా మి.మీ. చెప్పి అడగడమే మేలు, సూది తల మీద అది అచ్చువేసి ఉంటుంది.

అల్యూమినియం సూదులు చవక, ఎక్కడైనా దొరుకుతాయి, 'పోనీ' (Pony) అనే కంపెనీవి అందరికీ తెలిసినవే. కానీ నున్నగా ఉండి కుట్లు జారిపోతాయి, చెమట చేతికి ఇంకా ఇబ్బంది. వెదురు సూదులు దారాన్ని కాస్త పట్టి ఉంచుతాయి, కిందపడినా చప్పుడు కాదు, పిల్లలు పడుకున్నాక అల్లుకునే తల్లులకు అదీ ముఖ్యమే. మొదటి జత వెదురుదే కొనమంటాను, కాస్త ఖరీదైనా. మొన దగ్గర వేలితో రాసి చూడండి, పేళ్లు తగిలితే ఆ జత వద్దు. పొడవు 25 సెంటీమీటర్లు చాలు. అంతకంటే పొడుగు సూదులు కుర్చీ చేతులకు తగులుతుంటాయి.

దారం ఏ చేత్తో పట్టుకోవాలన్నది పెద్ద చర్చ చేస్తారు. క్రోషియా అలవాటున్న వాళ్లు ఎడమ చేత్తో, మిగిలిన వాళ్లు కుడి చేత్తో మొదలుపెట్టండి. గుడ్డలో తేడా ఉండదు.

ఎవరికి ఏది

పెద్దాయనలు అడిగేది మంకీ క్యాప్. అది మొదటి పనిగా పెట్టుకోవద్దు, ముఖం దగ్గర ఖాళీ వదలడం కొత్తవాళ్లకు కష్టం. దాని బదులు చెవుల కిందికి దిగే టోపీ ఒకటి, అదే పద్ధతిలో మెడకు గొట్టం లాంటి పట్టీ ఒకటి అల్లిపెట్టండి. మెడపట్టీ తలమీదుగా దిగాలి కాబట్టి పొడుగు 58 సెంటీమీటర్లు ఉంచండి. రెండూ కలిస్తే మంకీ క్యాప్ చేసే పనే చేస్తాయి, చలి తగ్గితే ఒకటి తీసెయ్యొచ్చు.

కొప్పు, జడ ఉన్న ఆడవాళ్లకు నా సలహా టోపీ కాదు, చెవిపట్టీ. 20 కుట్లు ఎక్కించి 46 సెంటీమీటర్ల పొడుగు అల్లి కొసలు కుడితే అయిపోతుంది. జడలో పూలు నలగవు. ముగ్గు వేసేటప్పుడు ఒంగినా జారదు. పని టోపీలో సగం కంటే తక్కువ, కాబట్టి చెయ్యి అలవాటు చేసుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. తెల్లవారుజామునే తలస్నానం చేసే అయ్యప్ప స్వాములకు, ఇంకెవరికైనా ఒక మాట: తడి జుట్టు మీద టోపీ పెట్టొద్దు, ముందు ఆరనివ్వండి.

పసిబిడ్డల విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత 35 సెంటీమీటర్ల దగ్గర, ఆరు నెలలకు 43 దగ్గర ఉంటుంది. వాళ్లకు 32 కుట్లు ఎక్కించి, తల కొలత కంటే మూడు నాలుగు సెంటీమీటర్లు తక్కువగా అల్లండి. తాళ్లు, బంతులు, పూసలు ఏవీ కుట్టొద్దు, ఊడితే నోట్లోకి పోతాయి. బయటికి తీసుకెళ్లేటప్పుడే టోపీ, ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు తీసెయ్యాలి. బిడ్డ ఒంటి వేడి తల నుంచే ఎక్కువగా పోతుంది, నిద్రలో టోపీ ఉంటే వేడి ఎక్కువైపోతుంది, జారి ముక్కు మీద పడే ప్రమాదమూ ఉంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు డాక్టరు టోపీ ఉంచమంటే ఆ మాటే వినండి.

బండి మీద వెళ్లే కుర్రాళ్లు హెల్మెట్ కింద ఊలు టోపీ పెట్టుకుంటుంటారు. దయచేసి అల్లివ్వొద్దు. హెల్మెట్ తలకు అతుక్కుని ఉండాలి, మధ్యలో మెత్త చేరితే దాని పట్టు పోతుంది. వాళ్లకు మెడపట్టీ అల్లండి.

రేపటికి టోపీ కావాలంటే మాత్రం చలికాలంలో టిబెటన్లు రోడ్డు పక్కన పెట్టే స్వెట్టర్ల దుకాణంలో కొనుక్కోవడమే మంచిది. చేత్తో అల్లింది దానికంటే చవక కాదు. మనకు కావలసిన కొలతకు, మనకు కావలసిన పల్చదనంతో వస్తుంది, అదీ దాని లాభం.

అడ్డంగా అల్లే టోపీ, కొలతలతో

8 ప్లై దారం, 4.5 మి.మీ. సూదులు, ఒక టేపు, కత్తెర, పెద్ద కన్నున్న మొద్దు సూది. 48 కుట్లు ఎక్కించండి. ఎత్తు 24 సెంటీమీటర్లు వస్తుంది, అందులో మూడు సెంటీమీటర్లు కింద మడత. ఎక్కించడానికి లాంగ్ టెయిల్ పద్ధతి నేర్చుకోండి, అంచు సాగుతుంది. దానికి కావలసిన వెడల్పు కంటే నాలుగింతల పొడుగు దారం ముందే వదులుకోవాలి, మనకు మీటరు దగ్గర.

ఇక ప్రతి వరసా నిట్. ఐదారు వరసలకొకసారి కుట్లు లెక్కపెట్టండి. 49, 50 అవుతున్నాయంటే వరస మొదట్లో దారం సూది పైనుంచి వెనక్కి పోయి మొదటి కుట్టు రెండుగా కనిపిస్తోందని అర్థం. వరస మొదలుపెట్టే ముందు దారాన్ని కిందికి లాగి చూసుకుంటే ఆ తప్పు పడదు. లెక్క తగ్గితే ఎక్కడో కుట్టు జారింది, క్రోషియా కొక్కెంతో మెట్టు మెట్టుగా పైకి ఎత్తుకోవచ్చు. దారం అయిపోయి కొత్త ఉండ కలపాల్సి వస్తే వరస మధ్యలో వద్దు, అంచు దగ్గరే కలపండి.

ఎంత పొడుగు అల్లాలి? పెట్టుకునే వాళ్ల నుదుటి మీదుగా, చెవుల పైనుంచి తల చుట్టూ టేపు పెట్టి కొలవండి. ఆడవాళ్లకు 54 నుంచి 56, మగవాళ్లకు 56 నుంచి 58 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దానిలో పదో వంతు తగ్గించండి. 55 తలకు 49, 57 తలకు 51. పట్టీని లాగకుండా బల్ల మీద పరిచి కొలవాలి. ఆ పొడుగు రాగానే కుట్లు వదులుగా మూసెయ్యండి. బిగువుగా మూస్తే అతుకు దగ్గర ముడతలు పడతాయి. చెయ్యి బిగుతనిపిస్తే మూసేటప్పుడు మాత్రం ఒక సైజు పెద్ద సూది వాడండి.

ఎక్కించిన అంచు, మూసిన అంచు ఎదురెదురుగా పెట్టి మొద్దు సూదితో కుట్టండి. గొట్టం తయారవుతుంది. పైవైపు అంచు పొడుగునా వరసల చివర చిన్న గుబ్బలుంటాయి, రెండు వరసలకు ఒకటి చొప్పున. దారాన్ని రెండు పేటలు చేసి ఒక్కో గుబ్బలోంచి దూర్చుకుంటూ చుట్టూ వచ్చి, మెల్లగా లాగండి. ఒకేసారి గట్టిగా లాగితే దారం తెగుతుంది. మూతి దగ్గరికొచ్చాక ఇంకోసారి చుట్టూ దూర్చి, లోపలికి తీసి ముడి వేసి, మిగిలిన కొసలను అల్లికలో అటూ ఇటూ దూర్చి కత్తిరించండి.

చల్లటి నీళ్లలో కాస్త షాంపూ వేసి ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టండి. కొక్కేనికి వేలాడదీస్తే బరువుకు సాగిపోతుంది.

రెండో టోపీకి ఇదే దారంతో గుండ్రంగా అల్లి చూడండి. 40 సెంటీమీటర్ల సర్క్యులర్ సూది, 4 మి.మీ., 112 కుట్లు. నాలుగు సెంటీమీటర్లు రెండు నిట్ రెండు పర్ల్, ఆ పైన అంతా నిట్. మొత్తం 15 సెంటీమీటర్లు వచ్చాక 12 కుట్లు అల్లి, తర్వాతి రెండిటిని కలిపి ఒకటి చేస్తూ పోతే వరసకు ఎనిమిది తగ్గుతాయి. పై వరస మామూలుగా అల్లి, దాని మీద వరసలో 11 కుట్లు అల్లి తర్వాతి రెండు కలపాలి. అలా వరస విడిచి వరస తగ్గిస్తూ 56 కుట్లకు వచ్చాక ప్రతి వరసా తగ్గించుకుంటూ పోండి. సూదుల మీద ఎనిమిది కుట్లు మిగిలినప్పుడు దారం తెంపి, వాటిలోంచి లాగి బిగించండి.